మన వీధి చివరి పార్కు ఎవరిది? విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఆరింటికి మా కాలనీ పార్కులో నాలుగు చుట్లు తిరిగేలోపు ఇద్దరు ముగ్గురైనా ఆపి ఏదో ఒకటి అడుగుతారు. "లైటు వెలగట్లేదండీ, ఎవరికి చెప్పాలి?" "ఆ మూల చెట్టు కొట్టేస్తారంట, నిజమేనా?" "మనమే కమిటీ వేసుకుని చూసుకోకూడదా?" కాలనీ సంఘం తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఎంవీపీ కాలనీ అయినా, గాజువాక అయినా, మధురవాడ అయినా ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

మా పార్కు జీవీఎంసీదా, వీఎంఆర్‌డీఏదా? ఎలా తెలుస్తుంది?

కాలనీల మధ్య ఉండే చిన్న పార్కులు దాదాపు అన్నీ జీవీఎంసీవే, అంటే మన నగరపాలక సంస్థవే. వాటిని చూసేది ఉద్యాన విభాగం. ఊరంతా కదిలి వెళ్లే పెద్దవి, అంటే బీచ్ రోడ్డులో వుడా పార్కు, కైలాసగిరి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు, ఇవి నగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏవి. 1978లో పుట్టిన వుడాయే 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. జనం నోట మాత్రం అది ఇప్పటికీ వుడా పార్కే. ఇక జూ, కంబాలకొండ అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. ముడసర్లోవ పార్కు జీవీఎంసీది.

మీ పార్కు సంగతి తేలాలంటే గేటు దగ్గరి బోర్డు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎవరి నిధులతో కట్టారన్నది వేరు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది వేరు. వీఎంఆర్‌డీఏ వేసిన లేఅవుట్‌లో పార్కు స్థలం తర్వాత జీవీఎంసీకి అప్పగించి ఉండవచ్చు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ (సదుపాయాల) కార్యదర్శిని అడగండి. అక్కడ తేలకపోతే జోనల్ ఆఫీసులో ఉద్యాన విభాగం వాళ్లని అడగండి. ఈ ఒక్క విషయం తెలియక అర్జీ పట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి నెలల తరబడి తిరిగినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు.

పార్కు పెట్టడం, చూసుకోవడం మున్సిపాలిటీకి తప్పనిసరా, లేక వాళ్ల దయా?

దయ కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకి రాష్ట్రాలు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఒకటి. కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలన్నాయి. ఒక్కసారి మీ వీధిలో జనాన్ని, మీ పార్కు కొలతని లెక్కేసి చూడండి. ఒక చిన్న గది అంత జాగా మనిషికి ఒకటి చొప్పున ఉండాలన్నమాట. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న మన ఊళ్లో అది ఎంత కష్టమో, ఉన్న కాస్త జాగా ఎందుకు అంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది.

లేఅవుట్ ప్లానులో "పార్కు" అని ఉన్న స్థలం మా దగ్గర ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఇప్పుడేదో కడతామంటున్నారు. ఆపగలమా?

ఆపగలం. ఆలస్యం మాత్రం చేయకండి. గోడలు లేచాక వాదించడం చాలా కష్టం.

రాష్ట్రంలో 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవాళ్లు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి, దాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) ద్వారా స్థానిక సంస్థకి రాసివ్వాలి. మీరు ప్లాటు కొన్నప్పుడు ఆ పార్కుని చూపించే ధర చెప్పారు. అంటే దాని విలువ మీరు అప్పుడే కట్టేశారు.

ముందు చేతిలో మూడు కాగితాలు ఉండాలి: ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను నకలు, ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు, గిఫ్ట్ డీడ్ నకలు. టౌన్ ప్లానింగ్ విభాగంలో మామూలుగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే ఒక తీర్పు గుర్తుపెట్టుకోండి. బెంగళూరులో పార్కుకి కేటాయించిన స్థలాన్ని నర్సింగ్ హోముకి ఇస్తే కాలనీవాసులు కోర్టుకెక్కారు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన కూడా నిలబడలేదు. పార్కు కోసం ఉంచింది పార్కుకే.

గుడి, కమ్యూనిటీ హాలు అయినా కూడదా? అందరికీ ఉపయోగమే కదా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పార్కులో వద్దు. వినాయక చవితికి పందిరి వేసి, తీసేసి, గుంతలు పూడ్చి ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. సిమెంటు పునాది పడిందంటే ఆ జాగా మళ్లీ పిల్లలకి దక్కదు. ఇలా అన్నందుకు మా వీధిలో కొందరు పెద్దలు నాతో కొన్నాళ్లు మాట్లాడటం మానేశారు. అయినా మాట మార్చుకోను.

కొత్త పార్కు కావాలంటే దారేమిటి?

కాలనీ సంఘం తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి జోనల్ కమిషనరుకి అర్జీ ఇవ్వాలి. స్థలం ఎవరిదో టౌన్ ప్లానింగ్ వాళ్లు తేలుస్తారు. తర్వాత ఇంజినీరింగ్ విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలిచి ఎస్టిమేటు వేస్తారు. మొక్కలు, మట్టి, లాన్ భాగం ఉద్యాన విభాగం చూస్తుంది. పాలకవర్గం ఉంటే స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ ముందుకి వెళుతుంది, లేనప్పుడు ప్రత్యేకాధికారి నిర్ణయం తీసుకుంటారు. మన నగరానికి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదని గుర్తుంచుకోండి. అన్నాళ్లూ అర్జీలు అధికారుల దగ్గరికే వెళ్లాయి. అప్పుడు కూడా పనులు జరిగాయి, పట్టు వదలకుండా వెంటపడ్డ కాలనీల్లో.

మా అనుభవం మీద ఒక చిట్కా. ఏఈ గారు కొలతకి వచ్చే రోజు మీరూ అక్కడే ఉండండి. మా పార్కు ప్లానులో మొదట నీటి కుళాయి ఒకే మూల చూపించారు. ఎదురు మూలన మొక్కలకి గొట్టం చాలదని మా మాలి అక్కడికక్కడే చెప్పాడు. వెంటనే రెండో కుళాయి చేర్చారు. ఎస్టిమేటు మంజూరయ్యాక అదే కుళాయి కోసం ఏడాది తిరగాల్సి వచ్చేది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

నగరపాలక సంస్థ సొంత నిధులు ఒకటి, అంటే మనం కట్టే ఆస్తిపన్ను. కేంద్ర పథకాలు ఇంకొకటి: 2015లో మొదలైన అమృత్ పథకంలో పార్కులకి ప్రత్యేకంగా వాటా పెట్టారు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో విశాఖ ఉండటంతో బీచ్ రోడ్డు వైపు కొన్ని పనులకి ఆ నిధులు వచ్చాయి. మూడోది పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఇలాంటి వాటికి ఖర్చు పెట్టాలి. ఇన్ని పరిశ్రమలున్న ఊరు మనది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రారంభోత్సవం నాడు కళకళలాడిన పార్కు ఏడాదికే ఎందుకు పాడవుతుంది?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ బాధపెట్టేదీ ఇదే.

కట్టడానికి వచ్చే డబ్బు వేరు, నడపడానికి వచ్చే డబ్బు వేరు. గోడ, ఫుట్‌పాత్, గేటు, ఫౌంటెన్, ఆట పరికరాలు, ఇవన్నీ ఒకసారి టెండరు పిలిచి కట్టేవి. మాలి జీతం, కరెంటు బిల్లు, మోటారు రిపేరు, ఎరువు, కత్తిరింపు, ఇవి ప్రతి నెలా కావాలి. పథకాల డబ్బు మొదటిదానికే వస్తుంది. రెండోది నగరం రోజువారీ ఖర్చులోంచి రావాలి, అక్కడ చెత్త, వీధి దీపాలు, మంచినీళ్లు ముందు వరుసలో నిలబడతాయి.

ఒక మోటారు కథ చెబుతాను. ఒక వేసవిలో మా పార్కు బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కానీ ఆ పని ఏ పద్దులో రాయాలన్నది తేలేసరికి మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో నందివర్ధనం వరసంతా కాగితంలా ఎండిపోయింది. వేళ్లతో నలిపితే ఆకు పొడి పొడి అయిపోయేది. మా మాలి ఇంటింటికీ తిరిగి బక్కెట్లతో నీళ్లు అడిగి తెచ్చి, చివర ఉన్న నాలుగు మొక్కల్ని మాత్రం దక్కించాడు. ఇప్పుడు ఆ నాలుగే గుబురుగా పెరిగి తెల్లగా పూస్తున్నాయి.

అందుకే కొత్త పార్కు అడిగేటప్పుడే నడిపే సంగతి అడగండి. కాంట్రాక్టులో ఎన్నేళ్ల నిర్వహణ ఉంది? మాలీలు ఎంతమంది? నీరు ఎక్కడిది? ఈ మూడింటికీ జవాబు లేని చోట ఫౌంటెన్ వద్దని చెప్పగలగాలి. ఆగిపోయిన ఫౌంటెన్ తొట్టిలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమలు పెరగడం మనం చూస్తూనే ఉన్నాం.

లాన్ లేకపోతే అది పార్కే కాదంటారు మా వాళ్లు. ఏం చెప్పమంటారు?

నీటి లెక్క చెప్పండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఎండాకాలం లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకి సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. వెయ్యి చదరపు మీటర్ల లాన్ అంటే రోజుకి 5 వేల లీటర్లు, ఒక ట్యాంకరు. మే నెలలో కొండవాలు కాలనీల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడుతుంటే, మనం ఒక ట్యాంకరు గడ్డికి పోయగలమా?

కాబట్టి పిల్లలు దొర్లే చోట, పెద్దవాళ్లు కూర్చునే చోట కొంచెం లాన్ ఉంచండి. మిగతా చోట నీడనిచ్చే చెట్లు, చెట్ల కింద మట్టి నేల. శుద్ధి చేసిన మురుగునీరు దగ్గరలో దొరికితే మొక్కలకి అది వాడటమే మంచిది. వాన నీరు రోడ్డు మీదికి పోకుండా పార్కు పల్లంలో ఒక ఇంకుడు గుంత తప్పనిసరిగా తవ్వించండి.

మన ఊళ్లో ఏ చెట్లు నాటాలి?

దీనికి 2014 అక్టోబరు 12 సమాధానం చెప్పింది. ఆ రోజు హుద్‌హుద్ తుపాను మన మీదే తీరం దాటింది. మర్నాడు పొద్దున తలుపు తీసిన వాళ్లెవరూ ఆ దృశ్యం మరిచిపోలేరు. నీడ అనేదే లేని రోడ్లు, ఆకు రాలి మోడులైన కొండలు, ఎక్కడ చూసినా వేళ్లు పైకి లేచిన చెట్లు. కైలాసగిరి, బీచ్ రోడ్డు, జూ, కంబాలకొండ అన్నీ దెబ్బతిన్నాయి.

పడ్డ చెట్లని దగ్గరికెళ్లి చూస్తే ఒక విషయం కనబడింది. ఎర్రతురాయి, పచ్చతురాయి లాంటివి తొందరగా పెరిగి, గొడుగులా పరుచుకుని, పూలతో కళ్లు చెదరగొడతాయి. కానీ వేరు పైపైనే ఉంటుంది, కొమ్మ పెళుసు. పైగా చుట్టూ సిమెంటు వేసి చెట్టు మొదట్లో పళ్లెమంత మట్టి మాత్రమే వదిలినచోట ఏ జాతి చెట్టయినా వేరు పరచుకోలేక పడిపోయింది. తప్పు చెట్టుది ఎంతో, సిమెంటుది అంత.

సముద్రం గాలి తగిలే చోట పొన్న, గంగరావి, బాదం, కానుగ బాగా నిలుస్తాయి. ఉప్పుగాలికి ఆకు మాడినా మళ్లీ చిగురిస్తాయి. గాలికి అడ్డుగా సరుగుడు వరస వేయవచ్చు. కాస్త లోపలికి వస్తే వేప, నేరేడు. జాగా పెద్దదైతే రావి, మర్రి, అవి కూడా గోడలకీ పైపులకీ దూరంగా. అందం కోసం గన్నేరు, నందివర్ధనం చాలు.

మేమూ ఒక తప్పు చేశాం. ఒక సంవత్సరం ఎవరిదో పుట్టినరోజని మే నెలలో నలభై మొక్కలు నాటాం. ఫోటోలు బాగా వచ్చాయి. ఆగస్టు నాటికి తొమ్మిది మిగిలాయి. అప్పటి నుంచి తొలకరి పడి నేల రెండడుగుల లోతు తడిస్తేనే గునపం పడుతున్నాం, మొక్క నడుమెత్తు లేనిదే నాటడం లేదు.

ఏడాకులపాల చెట్ల వాసనకి తలనొప్పి వస్తోంది. తీసేయించవచ్చా?

చలికాలం మొదట్లో పూసినప్పుడు సాయంత్రం పూట ఘాటు వాసన వస్తుంది. వరసగా పది చెట్లున్న వీధిలో అది భరించడం కష్టమే, ఉబ్బసం ఉన్నవాళ్లు ఇబ్బంది పడుతున్నామంటున్నారు. ఎదిగిన చెట్టుని నరికే బదులు పూత రాకముందే కొమ్మలు కత్తిరించమని ఉద్యాన విభాగాన్ని అడగండి. కొత్తగా మాత్రం వరసగా నాటించవద్దు. ఏ చెట్టయినా ఒకే జాతి బారులు తీరి ఉండటం మంచిది కాదు. ఒక తెగులొస్తే వరసంతా పోతుంది.

మా ప్రహరీ మీదికి పార్కు చెట్టు కొమ్మలు వస్తున్నాయి. మేమే కొట్టుకోవచ్చా?

వద్దు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి. కొమ్మల సంగతి అయినా ఉద్యాన విభాగానికి రాసివ్వండి. కరెంటు తీగలకి తగిలే కొమ్మలైతే విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి కొడతారు. వాళ్లు వచ్చినప్పుడు ఒకరు దగ్గరుండండి. ఒక పక్క మాత్రమే నరికేస్తే చెట్టు బరువు ఇంకో పక్కకి ఒరుగుతుంది, తర్వాతి గాలివానకి అటే పడుతుంది.

కాలనీ సంఘమే పార్కుని తీసుకుని నడపవచ్చా?

నిర్వహణ తీసుకోవచ్చు, జీవీఎంసీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని. స్థలం మాత్రం మీది కాదు, ప్రజలది. పక్క వీధి పిల్లల్ని, అపార్టుమెంట్లలో పనిచేసేవాళ్లని, వాచ్‌మన్ కుటుంబాన్ని గేటు దగ్గర ఆపే హక్కు ఏ కమిటీకీ లేదు. కొన్ని చోట్ల "కాలనీవాసులకు మాత్రమే" అని బోర్డు కనిపిస్తుంది. దాన్ని చూస్తే నాకు సిగ్గనిపిస్తుంది.

కమిటీలో వాకర్స్ క్లబ్బు పెద్దలే కాక ఇద్దరు తల్లులు, ఒక కాలేజీ పిల్ల, మాలి కూడా ఉండేలా చూడండి. జమాఖర్చు నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టండి. గొడవల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

కొన్ని పార్కుల్లో టికెట్ ఎందుకు?

వీఎంఆర్‌డీఏ పెద్ద పార్కుల్లో నిర్వహణ ఖర్చు కోసం టికెట్ పెడతారు. కాలనీ పార్కులకి టికెట్ ఉండకూడదు.

మధ్యాహ్నం గేటు మూసేస్తున్నారు. ఎందుకు?

శుభ్రం చేయడానికి, నీళ్లు పెట్టడానికి అంటారు. అసలు సంగతి కాపలాకి మనిషి లేకపోవడం. కానీ ఎండలో తిరిగి అలిసిన డెలివరీ కుర్రాడికి, రోడ్డు పని చేసే ఆడమనిషికి నీడ కావాల్సింది ఆ వేళకే. గంటసేపు శుభ్రం చేసుకుని మిగతా సమయం తెరిచి ఉంచమని మేం అర్జీ పెట్టాం. ప్రస్తుతం ఒక గేటు తెరిచే ఉంటోంది. ఇద్దరు ముగ్గురు కానుగ చెట్టు కింద తువ్వాలు పరుచుకుని కునుకు తీస్తుంటారు. వాళ్ల వల్ల ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆడపిల్లలు సాయంత్రం ఆరు దాటితే పార్కుకి రావడం లేదు. ఏం మార్చాలి?

వాళ్లనే అడగండి. మేం అడిగితే మూడు చెప్పారు: నడిచే దారిలో చీకటి మూలలు, మనిషెత్తు పెరిగిన కంచె మొక్కలు, మరుగుదొడ్డికి తాళం. కంచెని నడుమెత్తుకి కత్తిరించాం, రెండు లైట్లు వేయించాం. మరుగుదొడ్డి తాళం సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు, దాని కోసం తిరుగుతూనే ఉన్నాం.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు వెళ్లగలిగే పార్కు ఉందా?

బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ నిధులతో అన్నిరకాల పిల్లలూ ఆడుకునేలా ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. మీ పార్కులో కనీసం గేటు దగ్గర మెట్టు బదులు వాలు ఉండేలా, బైకులు రాకుండా పెట్టే ఇనుప కడ్డీల మధ్య చక్రాల కుర్చీ పట్టేలా చూడండి.

కుక్కల బెడద ఉంది. తీసుకెళ్లిపోతారా?

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. తిండి పెట్టే చోటు మాత్రం పిల్లలు ఆడే చోటికి దూరంగా ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

గేటు బయట బజ్జీల బండి, మురీ మిక్చర్ బండి తీయించాలా?

నేనైతే తీయించను. సాయంత్రం బండి ఉన్న గేటు దగ్గర నలుగురు మనుషులుంటారు, ఆ వెలుతురే కాపలా. దారికి అడ్డం లేకుండా, చెత్తబుట్ట పెట్టుకుని, కాగితం పొట్లాల్లోనే ఇవ్వమనండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని జీవీఎంసీ 2022 జూన్ 5 నుంచే నిషేధించింది.

ఎండుటాకులు తగలబెడుతున్నారు. ఏం చేయాలి?

ఆపించండి. మూలన నాలుగడుగుల గుంత తీసి ఆకులు, కాస్త పేడనీళ్లు, మట్టి పొరలు పొరలుగా వేస్తే కొన్ని నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. మా పార్కుకి ఎరువు కొనడం మానేశాం.

అక్టోబరు వస్తోంది. తుపానుకి ముందు ఏం చేయాలి?

సెప్టెంబరు ఆఖరికల్లా ఒక ఆదివారం పదిమంది కలిసి పార్కంతా తిరగండి. ఎండుకొమ్మలు, ఒరిగిన చెట్లు, పుట్టలు పట్టిన మొదళ్లు గుర్తుపెట్టి, ఫోటోలతో సహా ఉద్యాన విభాగానికి రాసివ్వండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు వస్తుంది, అది జాగ్రత్తగా ఉంచుకోండి. మూడేళ్లలోపు మొక్కలకి రెండు పక్కలా వెదురు కర్రలు పాతి కొబ్బరి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో కట్టాలి. తాడు కాండాన్ని కోయకుండా మధ్యలో పాత గుడ్డ చుట్టాలి. గాలివాన వెలిశాక పడిన చెట్టుని చూసి వెంటనే రంపం తేనివ్వకండి. వేరు సగం నేలలోనే ఉంటే కొమ్మలు తగ్గించి, నిలబెట్టి, మట్టి తొక్కి ఊతం పెడితే బతుకుతుంది. హుద్‌హుద్ తర్వాత మా వీధిలో అలా నిలబెట్టిన వేప చెట్టు కిందే ఇప్పుడు మా కమిటీ కూర్చుంటోంది.